పాఠకుల ప్రశ్నలు: లాంచీలో ఒక్క పగలు

ప్రశ్న: మేము ఎనిమిది మంది మిత్రులం. మిర్యాలగూడలో డిగ్రీ కలిసి చదువుకొని ఇప్పుడు తలా ఒక ఊళ్లో స్థిరపడ్డాము. దసరా సెలవులకు అందరూ వస్తున్నారు. ఒక రోజు పొద్దున్నే బయలుదేరి నాగార్జునసాగర్ డ్యాం, లాంచీలో నాగార్జునకొండ, అనుపు, ఎత్తిపోతల, బుద్ధవనం అన్నీ చూసి రాత్రికి ఇల్లు చేరాలని అనుకుంటున్నాము. మాలో ఒకరు మాత్రం "కొండ మీద ఏముంది, నాలుగు రాళ్లు, లాంచీ దండగ" అంటున్నారు. మీ సలహా ఏమిటి?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: ముందుగా మీరు వెళ్లేది ఏ వారమో చూసుకోండి. శుక్రవారం కొండపైని మ్యూజియానికి సెలవు. ఎనిమిది మందికి కుదిరే రోజు వెదికి వెదికి చివరికి శుక్రవారమే ఖాయం చేసుకున్నవాళ్లను నేనెరుగుదును.

ఇక మీరు రాసిన అయిదు చోట్లు ఒక్క పగటిలో అయ్యేవి కావు. మామూలుగా అందరూ ఏమేమి చూడాలో పట్టిక రాసుకుంటారు. సాగర్ విషయంలో మాత్రం ముందు ఏ గట్టున ఉండాలో తేల్చుకోవాలి. బుద్ధవనం అనే బౌద్ధ పార్కు ఎడమ గట్టున, మన నల్లగొండ జిల్లా వైపు హిల్ కాలనీలో ఉంది. అనుపు, ఎత్తిపోతల కుడి గట్టున ఆంధ్రప్రదేశ్ వైపు ఉన్నాయి. లాంచీలు రెండు వైపులా ఉన్నాయి. ఇవతల నందికొండ నుంచి తెలంగాణ పర్యాటక సంస్థవి, అవతల విజయపురి సౌత్ నుంచి ఆంధ్రప్రదేశ్ పర్యాటక సంస్థవి. ఇవతల లాంచీ దిగి, వంతెన దాటి అవతలికి పోయి, బుద్ధవనం కోసం మళ్లీ ఇవతలికి రావాలనుకుంటే మీ రోజంతా కారులోనే గడిచిపోతుంది. కాబట్టి లాంచీతో పాటు బుద్ధవనం చూస్తారా, లేక లాంచీతో పాటు అనుపు, ఎత్తిపోతల చూస్తారా అన్నది బయలుదేరకముందే నిర్ణయించుకోండి. నన్ను అడిగితే రెండోదే మేలంటాను. ఎందుకో కింద చెబుతాను. 2022లో ప్రారంభమైన బుద్ధవనం 274 ఎకరాల్లో ఉంది. దాన్ని గంటలో చుట్టి రావడం దానికి అన్యాయం చేసినట్టే అవుతుంది, ఇంకొక రోజు దానికోసమే వెళ్లండి.

మీ మిత్రుని మాటకు వద్దాము. "నాలుగు రాళ్లు" అన్నది పూర్తిగా తప్పేమీ కాదు. ఆ రాళ్లు ఎక్కడివో తెలియకుండా చూస్తే అవి రాళ్లుగానే కనిపిస్తాయి. లాంచీ బయలుదేరి ముప్పావుగంట, గంట సేపు నీటి మీద సాగుతుంది కదా, ఆ నీటి అడుగున మూడు వైపుల కొండలు, నాలుగో వైపు కృష్ణానది ఉన్న ఒక లోయ ఉండేది. క్రీస్తుశకం మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి ఆ లోయలోనే ఉండేది. ఆ రాజకుటుంబంలో ఒక విచిత్రం ఉంది. రాజైన శాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు. ఆయన చెల్లెలు శాంతిశ్రీ మహాచైత్యానికి, అంటే అక్కడి పెద్ద స్తూపానికి, స్తంభాలు నిలిపిన బౌద్ధ ఉపాసిక. మగవారు యజ్ఞాలు చేస్తుంటే ఆడవారు విహారాలు కట్టించారు. సింహళ భిక్షువులకు కూడా అక్కడ విహారం ఉండేదని ప్రాకృత శాసనాలు చెబుతున్నాయి.

ఈ శిథిలాలు 1926లో పురావస్తు శాఖ దృష్టికి వచ్చాయి. సాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసేనాటికే లోయ మునిగిపోవడం ఖాయమని తెలుసు గనుక, 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో అక్కడ పెద్దఎత్తున తవ్వకాలు జరిగాయి. బయటపడ్డ కట్టడాల్లో ముఖ్యమైన కొన్నింటిని ఊడదీసి కొండ మీద, అనుపు దగ్గర తిరిగి నిలబెట్టారు. మరికొన్నింటికి నమూనాలు కట్టారు. శిల్పాలను కొండ మీదికి చేర్చి 1966లో మ్యూజియం తెరిచారు. మరుసటి ఏడాది ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఇవాళ మనం దీవి అంటున్నది లోయ మధ్యనున్న కొండ నెత్తి మాత్రమే. దాని మీద మధ్యయుగాల నాటి కోట గోడలు కూడా ఉన్నాయి. రేవు నుంచి పైకి నడిచేటప్పుడు అవి కనిపిస్తాయి, చాలామంది గమనించకుండానే వెళ్లిపోతారు.

మ్యూజియంలో అడుగుపెట్టగానే శిల్పాల దగ్గర ఆగిపోకుండా, మునిగిన లోయ నమూనా ఉన్న గదికి ముందు వెళ్లండి. ఏ స్తూపం ఎక్కడ ఉండేదో, మీ లాంచీ దేని మీదుగా వచ్చిందో అక్కడ తెలుస్తుంది. ఆ తర్వాత బయటి స్తూపాల పునాదులు చూస్తే, బండిచక్రంలా నడుమ కుండ, దాని చుట్టూ చక్రపు ఆకుల్లా గోడలు పోసి కట్టిన ఆ పద్ధతి వెంటనే పట్టుబడుతుంది. ఆకుల మధ్య ఖాళీలను మట్టితో నింపి పైన అండం, అంటే గుమ్మటం, లేపేవారు. మహాస్తూపాలకు నాలుగు దిక్కులా అయిదేసి ఆయక స్తంభాలు నిలిపేవారు. బుద్ధుని జననం, మహాభినిష్క్రమణం, సంబోధి, తొలి ధర్మోపదేశం, పరినిర్వాణం అనే అయిదు ఘట్టాలకు అవి గుర్తులు. శిల్పాల్లో మాంధాతృ జాతక కథ దగ్గర కాసేపు నిలబడండి. భూమి చాలక స్వర్గానికి పోయి, అదీ చాలదనుకొని కిందపడ్డ రాజు కథను ఆకుపచ్చని ఛాయగల పలనాటి సున్నపురాతి మీద ఎంత ఇరుకులో ఎంత తీరుగా చెక్కారో చూడవచ్చు.

అనుపు ఎంచుకొమ్మనడానికి కారణం కూడా ఇదే. లోయలో దొరికిన మెట్ల ప్రేక్షకశాలను, విహారాలను అక్కడ తిరిగి కట్టారు. కొండ చూసిన రోజే అనుపు కూడా చూస్తే ఒకే ఊరి రెండు ముక్కలు కళ్ల ముందు కలుస్తాయి. మిగిలిన వెలుగును బట్టి ఎత్తిపోతల చూడండి. చంద్రవంక వాగు డెబ్బై అడుగుల ఎత్తు నుంచి దూకే చోటు అది; వానాకాలం వెనకాలే వస్తున్నారు గనుక నీరు బాగుంటుంది. కింద మొసళ్ల పెంపక కేంద్రం ఉంది, మడుగులో దిగే సాహసం ఎవరూ చేయకుండా చూడండి.

లాంచీ తగినంత మంది ఎక్కితేనే కదులుతుంది. గాలి ఎక్కువైనా, జలాశయంలో నీరు తగ్గినా ఆపేస్తారు. ముందు రోజే ఫోనులో కనుక్కొని, ఉదయం మొదటి లాంచీకి అందేలా వెళ్లండి. కొండ దగ్గర దింపాక తరచు గంటకు మించి ఆగరు, ఆ గంట మీకు చాలదు. తర్వాతి లాంచీలో తిరిగి రానిస్తారా అని టికెట్ కొనేటప్పుడే అడగండి. గేట్లు ఎత్తిన ఆదివారమైతే డ్యాం దగ్గర వాహనాలు బారులు తీరుతాయి. ఇరవై ఆరు గేట్ల నుంచి దూకే నీటిని చూడాలన్న కోరిక మీకే కాదు, హైదరాబాదులో సగం మందికి ఉంటుంది. సద్ది కట్టుకొని పోవడం మంచిది, పులిహోర, సకినాలు ఏవైనా సరే. కొండ మీద భోజనం దొరుకుతుందని ఆశపడవద్దు.

ప్రశ్న: మా బృందంలో ఒకరికి బస్సెక్కితేనే వాంతులవుతాయి. లాంచీ ఎక్కించవచ్చా?
– నల్లగొండ పాఠకుడు

జవాబు: ఎక్కించవచ్చు. సాగర్ జలాశయం సముద్రం కాదు, పెద్ద లాంచీ అంతగా ఊగదు. ఖాళీ కడుపుతోనూ, మరీ నిండు కడుపుతోనూ కాకుండా ఎక్కించి, గాలి తగిలేచోట, నడిమి భాగంలో కూర్చోబెట్టి, ఫోను చూడకుండా దూరపు గట్టును చూడమనండి. వాంతులు ఆపే మాత్ర వేసుకోవాలంటే డాక్టరును అడిగి, ప్రయాణానికి ముందే వేసుకోవాలి. నిజానికి హాలియా మీదుగా సాగర్ చేరే దాకా కారులోనే ఆయనకు ఇబ్బంది ఎక్కువ కావచ్చు; ముందు సీటు ఆయనకు వదిలేయండి.

ప్రశ్న: సంక్రాంతికి స్నేహితులతో సోమశిల వెళ్లి, అక్కడి నుంచి పడవలో సంగమేశ్వరం గుడి చూసి సాయంత్రానికి తిరిగి రావాలని ఉంది. సాధ్యమేనా? శ్రీశైలం లాంచీ కూడా ఎక్కవచ్చా?
– వనపర్తి పాఠకుడు

జవాబు: శ్రీశైలం లాంచీని ఈ లెక్కలోంచి తీసేయండి. సోమశిల నుంచి శ్రీశైలానికి నల్లమల కొండల నడుమ సాగే ఆ ప్రయాణం చాలా బాగుంటుంది గాని, పోవడానికే పగలంతా పడుతుంది. రాత్రి అక్కడ ఉండవలసిందే.

సంగమేశ్వరం సంగతి నీటిమట్టం మీద ఆధారపడి ఉంటుంది. శ్రీశైలం జలాశయం నిండితే ఆ గుడి మునిగిపోతుంది, నీరు తగ్గుతూ వచ్చి ఎండాకాలం దగ్గరపడ్డాకే బయటపడుతుంది. సంక్రాంతి నాటికి మీకు నీళ్లే కనిపించే అవకాశం ఎక్కువ. లోపలున్నది వేపదారు శివలింగం, ఏటా నెలల తరబడి నీటిలో ఉండి కూడా నిలిచి ఉన్నది. దర్శనమే ముఖ్యమైతే ఫాల్గుణం దాటాక వెళ్లండి. అలంపురంలో ఉన్న సంగమేశ్వరాలయం వేరు. అది కృష్ణా తుంగభద్రల కూడలి అయిన కూడవెల్లి నుంచి, ఇదే జలాశయంలో మునగకుండా రాయి రాయి విప్పి తరలించినది. పేరు ఒకటే కావడంతో చాలామంది ఒకదానికి దారి అడిగి ఇంకొకదానికి చేరుతుంటారు.

పడవ విషయంలో మాత్రం గట్టిగానే చెబుతాను. 2007 జనవరిలో, మీరు వెళ్లాలనుకుంటున్న ఈ సంక్రాంతి రోజుల్లోనే, సింగోటం జాతరకు జనంతో వస్తున్న పడవ మంచాలకట్ట దగ్గర మునిగి అరవై మందికి పైగా చనిపోయారు. ఆ ఒడ్డున దొరికే నాటుపడవల్లో, పుట్టిలో ఫొటో కోసం ఎక్కకండి. పర్యాటక శాఖ బోటు ఉంటే అదే ఎక్కండి. అందరికీ లైఫ్ జాకెట్లు ఇచ్చి, తొడిగించి, తాళ్లు బిగించాకే కదలమనండి. జాకెట్లు సీట్ల కింద ఉన్నాయనే సమాధానం వస్తే దిగిపోండి. ఆ పూట సోమశిలలోనే లలితా సోమేశ్వరస్వామి గుడి చూసుకొని, గట్టు మీద కూర్చొని నదిని చూస్తూ సద్ది తినవచ్చు.