నాలుగు డౌన్లు, పది గజాలు: ముందు ఇది పట్టుకోండి

ఆఫీసు మిత్రులు మిమ్మల్ని అమెరికన్ ఫుట్‌బాల్ ఫాంటసీ లీగులో (నిజమైన ఆటగాళ్లతో ఊహా జట్టు కట్టే పోటీ) చేర్చారనీ, డౌన్ అంటేనే తెలియదనీ అన్నారు కదా. క్రికెట్‌లో ఓవరుకు ఆరు బంతులున్నట్టే, ఇక్కడ బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలు. ఒక్కొక్కటీ ఒక డౌన్. ఆ నాలుగింటిలో 10 గజాలు ముందుకు వెళ్తే మళ్లీ కొత్తగా నాలుగు వస్తాయి. తెరమీద ‘3 & 7’ అని కనిపిస్తే ఇది మూడో డౌన్, ఇంకా ఏడు గజాలు కావాలని అర్థం.

ఫాంటసీలో జట్ల గెలుపోటములతో పని లేదు. మీరు ఎంచుకున్న ఆటగాళ్ల అంకెలే లెక్క. సాధారణంగా పరుగెత్తినా, పాస్ అందుకుని సాధించినా 10 గజాలకు ఒక పాయింటు, టచ్‌డౌన్‌కు (బంతిని ప్రత్యర్థి గోల్ గీత దాటిస్తే) 6. ప్రతి క్యాచ్‌కూ విడిగా పాయింటు ఉందేమో ముందు నియమాల్లో చూసుకోండి. ఉంటే పాసులు అందుకునే వైడ్ రిసీవర్ల విలువ పెరుగుతుంది. లీగులో అందరూ వంతులవారీగా, రౌండ్లుగా ఆటగాళ్లను ఎంచుకునేటప్పుడు కిక్కర్‌ను (బంతిని తన్ని పాయింట్లు తెచ్చే ఆటగాణ్ని) మాత్రం చివరి రౌండుకు వదిలేయండి. నేను మొదటి ఏడాది ఆరో రౌండులోనే తీసుకుని నవ్వులపాలయ్యాను.