పడిపోయిన విశ్వాసి మళ్లీ ఎలా నిలబడాలి?

దేవరకొండ వైపు నుంచి ఒక విశ్వాసి, బాప్తిస్మం తరువాత మళ్లీ తాగుడులో పడ్డానని, మందిరానికి వెళ్లడానికి మొహం చెల్లడం లేదని, ఇక ప్రార్థించే అర్హత తనకుందా అని అడిగారు.

అర్హతే లెక్క అయితే పేతురుకు అపొస్తలుల్లో చోటు ఉండేది కాదు. ప్రధానయాజకుని ముంగిట బొగ్గుల మంట దగ్గర చలి కాచుకుంటూ యేసును ఎరుగనన్న ఆ మనిషికి, పునరుత్థానం తరువాత తిబెరియ సముద్రతీరాన మళ్లీ నిప్పుల దగ్గరే ముందు రొట్టె, చేపలు పెట్టి, తిన్నాకనే ప్రభువు తనను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగి, గొర్రెలను మేపే పని అప్పగించాడు (యోహాను 21).

మన నల్లగొండ, పాలమూరు సంఘాల్లో ఇలాంటివారు తరచుగా ముందు దూరమయ్యేది ప్రభువు బల్లకే, అంటే యేసు మరణాన్ని జ్ఞాపకం చేసుకుంటూ సంఘమంతా రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచరణకే. రొట్టె పళ్లెం తమ దాకా వస్తే తీసుకోకుండా పక్కవారికి అందించేసి, కొన్నాళ్లకు ఆదివారాలే మానేస్తారు. పౌలు పరీక్షించుకొని తినమన్నాడే గాని (1 కొరింథీ 11:28) పరీక్షించుకొని లేచిపొమ్మనలేదు. క్రమశిక్షణగా పాస్టరే కొంతకాలం ఆపితే అది వేరే సంగతి, దానికి లోబడడమే మేలు.

యాకోబు 5:16 ప్రకారం నోరు జారని ఒక సంఘపెద్దకు విషయం విప్పి చెప్పండి. ఆరాధనలో విశ్వాసులు తమ అనుభవాలు చెప్పుకొనే సాక్ష్యాల వేళ అందరి ముందూ చెప్పనక్కరలేదు. తాగుడు శరీరాన్నీ పట్టుకుంటుంది కనుక, రోజూ తాగేవారు ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్ రావచ్చు. ఉపవాస ప్రార్థన మొదలుపెట్టే ముందే డాక్టరును కలవండి.