కొలనోస్కోపీ లేకుండానే ఐబీఎస్ అని తేల్చేయొచ్చా?

ఎనిమిది నెలలుగా కడుపునొప్పి, విరేచనాలు. కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేయకుండానే డాక్టరుగారు ఐబీఎస్ (పేగులో పుండు, వాపు లాంటివి కనిపించకపోయినా నొప్పి, విరేచనాల తేడాలు తెచ్చే సమస్య) అన్నారని మీ టెన్షన్. మీరు రాసినదాన్ని బట్టి ఆయన తొందరపడ్డారని నాకనిపించలేదు. వారానికి ఒక రోజైనా నొప్పి, మూడు నెలలుగా అదే వరస, దొడ్డికి వెళ్లొస్తే తగ్గడం, విరేచనం పల్చబడటం: ఐబీఎస్‌ను గుర్తించడానికి డాక్టర్లు వాడే 2016 నాటి రోమ్ 4 ప్రమాణాలు చెప్పేదీ ఇదే.

రక్తం పడటం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, నిద్రలోంచి లేపే విరేచనాలు, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్, యాభై దాటాక కొత్తగా మొదలవడం... వీటిలో ఒక్కటున్నా మాత్రం స్కోపీ సంగతి గట్టిగా అడగండి.

ఏవీ లేకపోతే సీబీసీ (రక్తకణాల లెక్క), సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష), సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడని పేగు జబ్బు) రక్తపరీక్ష, మలంలో కాల్‌ప్రొటెక్టిన్ (పేగు వాపును పట్టిచ్చే పరీక్ష) చాలు. సీలియాక్ పరీక్ష అయ్యేదాకా గోధుమ మానకండి; మానేస్తే జబ్బున్నా లేనట్టు రావచ్చు. చాలామంది చేసే పొరపాటే ఇది.

పీచు కోసం తవుడు వద్దు, ఉబ్బరం పెరుగుతుంది. ఇసబ్‌గోల్ కొంచెంతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. నొప్పికి మెబెవరిన్ (పేగు కండరాల బిగుతు తగ్గించే మందు) లేదా పెప్పర్‌మింట్ ఆయిల్ క్యాప్సూల్ గురించి అడగండి. వాటితో తగ్గకపోతే రాత్రిపూట 10 మి.గ్రా. అమిట్రిప్టిలిన్ రాయొచ్చు. డిప్రెషన్ మందు ఇచ్చారేంటని కంగారుపడకండి, ఇంత తక్కువ డోసులో అది పేగు నొప్పికే.