రంగారావుగారి గురించి రాసే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

ఎస్వీ రంగారావుగారి మీద వ్యాసం ఒప్పుకున్నానని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉందని ఫోన్‌లో అన్నావు. బిరుదులతో మాత్రం మొదలుపెట్టకు. మొదటి లైన్లోనే ‘విశ్వనట చక్రవర్తి’ అనేస్తే ఇక చెప్పడానికి నీకేం మిగలదు. 1918లో నూజివీడులో పుట్టడం, 1974లో మద్రాసులో పోవడం రెండు ముక్కల్లో తేల్చెయ్.

నువ్వు ఆగాల్సింది 1946కీ 1951కీ మధ్య. ఫైరాఫీసర్‌గా చేసిన మనిషి ‘వరూధిని’లో వేషం వేస్తే ఆ సినిమా పోయింది. జంషెడ్‌పూర్ వెళ్ళి టాటా కంపెనీలో ఉద్యోగం చూసుకున్నారు. మనవాళ్ళు ఇదంతా ఒక వాక్యంలో దాటేసి ‘పాతాళభైరవి’ మాంత్రికుడి మీదకి దూకుతారు. దానికి ముందు ఏడాదే ‘షావుకారు’లో సున్నం రంగడు ఉన్నాడు. ముందు వాణ్ణి చూడు, ఆ తర్వాతే మాంత్రికుణ్ణి.

ఇక ‘మాయాబజార్’. వివాహభోజనంబు పాట సౌండ్ తీసేసి చూడు. పాడింది మాధవపెద్ది సత్యంగారు. కానీ లడ్డూలు వాటంతటవే వచ్చి నోట్లో పడుతుంటే ఆ కళ్ళలో, బుగ్గల్లో కనిపించే ఆనందం ఘటోత్కచుడి వేషంలో ఉన్న రంగారావుగారిది. తర్వాత సౌండ్ పెట్టి ‘అహ నా పెళ్ళియంట’ చూడు. అక్కడ ఆయన లేరు, సావిత్రి ఉంది. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు మధ్యమధ్య బయటపడిపోతుంటాడు. ఆ నడక, ఆ భుజాల విరుపు చూడగానే ఎవరివో పోల్చేస్తాం. ఒక నటుడి ముద్ర ఇంకొకరి ఒంట్లో అంత స్పష్టంగా కనబడటం నా లెక్కలో అవార్డుల కంటే పెద్దది. ‘నర్తనశాల’లో కీచకుడి వేషానికి జకార్తాలో 1964లో ఇచ్చిన ఉత్తమ నటుడి బహుమతి గురించి కూడా రాయి, కాదనను.

వయసులు పక్కపక్కన పెట్టి చూసుకో. 1962లో ‘గుండమ్మ కథ’లో ఎన్టీఆర్‌కీ ఏఎన్నార్‌కీ ఆయనే తండ్రి. ఎన్టీఆర్ పుట్టింది 1923లో, అంటే ఈయనకంటే ఐదేళ్ళు చిన్న, అంతే! అయినా ఆ తండ్రీకొడుకుల్ని చూసి ఎవరికీ అనుమానం రాదు. జుట్టు నెరిపించడం మేకప్ వాళ్ళ పని. పెద్దరికం మాత్రం ఆయనే తెచ్చుకోవాలి. కూర్చునే తీరులో, మాట తొందరపడకుండా వదలడంలో అది ఎలా వచ్చిందో పట్టుకుని రాయి. క్యారెక్టర్ ఆర్టిస్టు అంటే ఏమిటో వేరే నిర్వచనం అక్కర్లేదు.

సెట్లో అలా అన్నారట, ఇలా చేశారట అనే కబుర్లు బోలెడు దొరుకుతాయి. ఎవరు చెప్పారో, ఎక్కడ చెప్పారో రాయలేకపోతే వదిలెయ్, ఎంత రుచిగా ఉన్నా సరే. నటీనటుల పేర్లు టైటిల్స్ దగ్గర సినిమా ఆపి చూసి రాసుకో, నెట్‌లోంచి ఎత్తకు.

డ్రాఫ్టు అయ్యాక ప్రింట్ తీసి పంపు. ఫోన్‌లో ఆ చిన్న అక్షరాలు నావల్ల కాదు. అమ్మని అడిగానని చెప్పు.

ఇట్లు,
మావయ్య