సీఎంఆర్‌టీ తిరిగొచ్చిందా? ముందు టిన్ వరుస చూడండి

సీఎంఆర్‌టీ అంటే సరుకులోని టిన్, టాంటలం, టంగ్‌స్టన్, బంగారం ఏ స్మెల్టర్ (ఖనిజాన్ని కరిగించే కంపెనీ) నుంచి వచ్చాయో కస్టమర్‌కు చెప్పే ఫారం; కాంగో వంటి చోట్ల ఘర్షణలకు ఈ ఖనిజాల డబ్బు అందుతోందా అని ఆరా తీయడానికి వాడతారు. మీ సర్క్యూట్ బోర్డులు కొనే కస్టమర్ ‘స్మెల్టర్ వివరాలు చెల్లవు’ అని ఫారం తిప్పి పంపడానికి కారణం చాలావరకు ఇదే: స్మెల్టర్ లిస్ట్‌లో టిన్ దగ్గర మీకు సోల్డర్ అమ్మిన కంపెనీ పేరు రాసి ఉంటారు. వాళ్లు సాధారణంగా టిన్ కొని మిశ్రమం చేసేవాళ్లే. అక్కడ ఉండాల్సింది ఖనిజాన్ని కరిగించిన కంపెనీ పేరు, ఉదాహరణకు ఇండోనేషియాలోని పీటీ తిమా.

1. సోల్డర్ తయారీదారు దగ్గర వాళ్ల సొంత సీఎంఆర్‌టీ అడగండి. డీలర్ ఇచ్చే ఉత్తరం పనికిరాదు. అందరూ వదిలేసే మెట్టు ఇదే. సోల్డర్ పేస్ట్, తీగ, వేవ్ బార్ (వేవ్ సోల్డరింగ్ యంత్రంలో కరిగించేది) మూడింటికీ విడివిడిగా అడగాలి.
2. అందులోని ‘సీఐడీ’తో మొదలయ్యే స్మెల్టర్ గుర్తింపు నంబర్‌ను మీ ఫారంలో కొట్టండి. పేరు, దేశం వాటంతటవే వస్తాయి.
3. పంపే రోజే ఆర్‌ఎంఐ (ఈ ఫారం రూపొందించిన రెస్పాన్సిబుల్ మినరల్స్ ఇనిషియేటివ్) జాబితాలో ఆ స్మెల్టర్ ఆడిట్ స్థితి చూడండి, అది మారుతుంటుంది.
4. కెపాసిటర్ల టాంటలం, కనెక్టర్ల బంగారానికీ ఇదే పద్ధతి.

కాంగో పేరు కనబడగానే ఆ స్మెల్టర్‌ను తీసేయకండి, దయచేసి. 2010 నాటి అమెరికా డాడ్-ఫ్రాంక్ చట్టం ఈ ఖనిజాలు ఎక్కడివో ఆరా తీసి వెల్లడించమంటుందే గానీ కొనవద్దనదు. అందరూ తప్పుకుంటే అక్కడ చేత్తో తవ్వుకునే కూలీల పొట్ట కొట్టినట్టే.

ఫారంలోనే ఉండే, లోపాలు చూపే చెకర్ షీట్‌లో ఎరుపు గడులు పోయాక పంపండి.