‘మీ విన్నపం’ అనవచ్చునా?

సందేహం: రొయ్యల చెరువుల ఏరియేటర్లు (నీటికి గాలి అందించే యంత్రాలు), మోటార్లు బాగుచేసే సంస్థలో పనిచేస్తున్నాను. ఇన్నాళ్లూ రైతులు ఫోనులో చెప్పేవారు, వాట్సాప్‌లో పంపేవారు. ఒకే చెరువుకు ఇద్దరు మెకానిక్‌లు వెళ్లిన రోజులున్నాయి, ఎవరూ వెళ్లని రోజులూ ఉన్నాయి. ఇప్పుడు పనులను నడిపే సాఫ్ట్‌వేర్‌లో ఒక ఫారం పెడుతున్నాం. రైతు దాన్ని నింపగానే పని నమోదై, ఆ ఊరి మెకానిక్ ఫోనుకు చేరుతుంది. ఇంగ్లీషులో దీన్ని ‘వర్క్ రిక్వెస్ట్ ఇంటేక్ ఫారం’ అంటున్నారు. కంప్యూటర్ అనువాదం ‘పని అభ్యర్థన తీసుకోవడం ఫారం’ అని ఇచ్చింది. మా మేనేజరు ‘కార్యాభ్యర్థన స్వీకరణ పత్రం’ అన్నారు. అభ్యర్థన అనాలా, విన్నపం అనాలా? విన్నపం ‘విను’ నుంచి పుట్టిందంటారు, నిజమేనా? ఆటోమేషన్‌కు ‘స్వయంచాలకం’ ఒప్పా, ‘స్వయంచలితం’ ఒప్పా?
– భీమవరం నుంచి ఒక పాఠకుడు

సమాధానం: విన్నపానికీ వినడానికీ పుట్టుకలో చుట్టరికం లేదు. సంస్కృతంలో ‘విజ్ఞాపనం’ అంటే తెలియజేయడం. ప్రాకృతం మీదుగా వచ్చేసరికి అందులోని ‘జ్ఞ’ కరిగి ‘న్న’ అయింది. యజ్ఞం జన్నమైనట్టు, సంజ్ఞ సన్న అయినట్టు. అన్నమయ్య ‘విన్నపాలు వినవలె’ అని రెంటినీ పక్కపక్కన కూర్చోబెట్టడంతో ఒకే తల్లి బిడ్డలని జనం అనుకున్నారు. చెవికి అంత ఇంపుగా ఉన్న పొరపాటును నేను పెద్ద తప్పుగా ఎంచను.

తక్కిన మాటల సంగతి క్లుప్తంగా చెబుతాను. అర్జీ అరబ్బీ మాట, ఎదుట ఉంచడమని అర్థం. దరఖాస్తు పారశీకం, అందులో కోరడం ఉంది. అభ్యర్థనలో ఉన్నవాడు అర్థి, అంటే యాచకుడు.

మీరు అడగని ప్రశ్న ఒకటుంది, అసలు చిక్కు అక్కడే ఉంది. ఫారంలో మాట్లాడుతున్నది ఎవరు? నింపేది రైతే అయినా, అందులో అచ్చయిన మాటలు రైతువి కావు. ‘మీ పేరు’, ‘మీ ఊరు’ అని అడుగుతున్నది మీ సంస్థ. తెలుగులో మనవి, విన్నపం, అభ్యర్థన అనేవి మనిషి తన మాటను తగ్గించి చెప్పుకొనేటప్పుడు వాడేవి. ‘నా మనవి’ అంటాం, ఎదుటివారిది ‘మీ ఆజ్ఞ’ అంటాం. ‘మీ మనవి విన్నాను’ అనగలిగేవాడు సింహాసనం మీద ఉన్నవాడు. డబ్బిచ్చి మోటారు బాగుచేయించుకునే రైతును పట్టుకుని ‘మీ విన్నపం ఏమిటి’ అని అడగడం మర్యాద కాదు. అడిగేవాడి వినయాన్ని ఇచ్చేవాడు ముందే రాసిపెట్టకూడదు.

ఇచ్చేవాడు ఎలా అడగాలో నేర్పినవాడు పోతన. భాగవతం అష్టమస్కంధంలో వామనుడు యాగశాలకు వస్తాడు. బలి చక్రవర్తి అడిగిన మొదటి మాట చూడండి: ‘వడుగా! యెవ్వరివాఁడ వెవ్వఁడవు సంవాసస్థలం బెయ్యది’. ఎవరి అబ్బాయివి, ఎవరివి, ఎక్కడ ఉంటావు? తండ్రి పేరు, పేరు, చిరునామా! ఈనాటి ఏ ఫారమైనా ఈ మూడింటితోనే మొదలవుతుంది. తేడా ఒక్కటే. మన ఫారాలు ‘నామధేయం’, ‘నివాస వివరములు’ అని ముక్కలు విసురుతాయి. బలి ప్రశ్న అడిగాడు. అడిగిన వెంటనే, నీ రాకతో నా వంశమూ జన్మమూ సఫలమయ్యాయని కూడా అన్నాడు.

ఆ తరువాతి పద్యాన్ని నేను ఎన్నిసార్లు చదువుకున్నానో లెక్కలేదు. ‘వరచేలంబులొ మాడలో ఫలములో వన్యంబులో గోవులో హరులో రత్నములో రథంబులొ’ అని మొదలుపెట్టి మంచి భోజనం, కన్యలు, ఏనుగులు, బంగారం, ఇళ్లు, ఊళ్లు, భూములు, చివరికి ధరణీఖండం దాకా వెళ్తాడు. లెక్కపెట్టండి, పదహారు. ఫోను తెరమీద వేలు పెట్టగానే కిందికి జారే జాబితా ఇదే కదా! ‘లేదా’ అన్న మాట ఒక్కసారైనా రాలేదు. తెలుగుకు ‘ఓ’ ప్రత్యయం ఉంది, అది చాలు. ‘క్రింది వాటిలో ఏదైనా ఒకటి లేదా అంతకంటే ఎక్కువ ఎంచుకోండి’ అని రాసేవారు ఈ పద్యాన్ని ఒక్కసారి పైకి చదివితే బాగుంటుంది. ఇక పదహారూ అయ్యాక పోతన ఏమంటాడు? ‘కాక యే మడిగెదో’. ఇవేవీ కాకపోతే మరేమి అడుగుతావో! ఫారం అడుగున ‘ఇతరములు’ అని ఒక గడి ఉంటుందే, దానికి ఇంతకంటే ఆదరమైన తెలుగు నాకు తెలియదు. ‘ఇతరములు’ అన్నప్పుడు అడిగేవాడు లెక్కలో పడనివాడిలా మిగిలిపోతాడు. ‘ఇవి కాక మరేమైనా?’ అన్నప్పుడు అతనికి మరో వాకిలి తెరిచినట్టు ఉంటుంది.

వామనుడి జవాబు ‘ఒకటి రెం డడుగుల మేర యిమ్ము’. కోరిక చిన్నది, మేర కూడా చెప్పాడు. కానీ అడుగు ఎవరిదో బలి అడగలేదు. మీ ఫారంలో ఆ లోటు రానివ్వకండి. ‘ఏరియేటర్ ఆగింది’ అని ఎంచుకోగానే ‘ఎన్ని? ఎన్ని హెచ్‌పీ మోటారు? ఏ చెరువు?’ అన్న గడులు తెరుచుకోవాలి. ‘కొత్త కనెక్షన్’ అన్నవారికి ఆ ప్రశ్నలతో పని లేదు. మొదటి జవాబును బట్టి తరువాతి ప్రశ్న మారే ఏర్పాటు ఈ సాఫ్ట్‌వేర్లలో ఉంటుంది, వాడుకోండి.

ఇక పేరు. ‘కార్యాభ్యర్థన స్వీకరణ పత్రం’ సమాసంగా తప్పు లేనిదే. కానీ చెరువు గట్టు మీద నిలబడినవాడికి అది నోరు తిరగదు. ఇలాంటి చోట గోదావరి డెల్టాలో మనం రోజూ అనే మాట ‘పని పురమాయించడం’. ఇది పారశీకంలో ఆనతిచ్చుటకు ఉన్న మాట నుంచి వచ్చింది. నవాబుల ఫర్మానా కూడా దీని తోబుట్టువే. ఒకనాడు పాదుషా చేతిలో ఉన్న మాట ఇప్పుడు రైతు చేతికి వచ్చిందంటే నాకు సంతోషం. ‘పని పురమాయింపు ఫారం’ అనండి. ‘ఫారం’ను పత్రం చేయవలసిన పని లేదు. కాలువ లాకుల మీదుగా నడిచే మనకు ఇంగ్లీషు ‘లాకు’ పరాయిది కానట్టే ఇదీ కాదు. మన ఆనకట్టకు తోబుట్టువైన తమిళ ‘అణైక్కట్టు’ను వాళ్లు ‘అనికట్’ చేసుకోలేదా! అయితే ఒక హెచ్చరిక. గుమాస్తా పై అధికారికి పని పురమాయించడు. అదే ఫారాన్ని మీ కార్యాలయం లోపల కూడా వాడితే పురమాయింపు కొందరి చెవికి గుచ్చుకోవచ్చు. అక్కడ ‘పని అడిగే ఫారం’ అనడమే క్షేమం. ‘ఇంటేక్’కు వేరే మాట అక్కరలేదు. తప్పదంటే ‘దాఖలు’ ఉంది, లోపలికి చేరడమనే దాని అర్థం.

నింపగానే వచ్చే సందేశం గురించి కూడా చెప్పాలి. ‘మీ అభ్యర్థన విజయవంతంగా సమర్పించబడింది’ అన్న వాక్యం ఇప్పుడు ప్రతి తెర మీదా ఉంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. సమర్పించడం దేవుడికి, కావ్యాన్ని అంకితం పుచ్చుకునే కృతిభర్తకు. విజయం యుద్ధంలో, పరీక్షలో. ‘బడు’ అయితే ఇంగ్లీషు అండ చూసుకుని మన వాక్యాలను పట్టుకుని వదలడం లేదు. ‘అందింది’ అంటే సరిపోతుంది. చమత్కారం చూడండి, ‘రసీదు’ అనే పారశీక పదానికి మూలార్థం కూడా ‘చేరింది’ అనే. సందేశానికి ‘రసీదు’ అని శీర్షిక పెట్టి, కింద ‘మీరు చెప్పిన పని అందింది. సంఖ్య ఇది’ అని రాయండి.

స్వయంచాలకం అంటే తనను తాను నడుపుకొనేది. స్వయంచలితం అంటే తనంతట తాను కదిలినది. వ్యాకరణం రెంటినీ ఒప్పుకుంటుంది, వాడుకలో మొదటిది స్థిరపడింది. శీర్షికలో అలాగే ఉంచండి. వాక్యంలో మాత్రం ‘స్వయంచాలకంగా మళ్లించబడుతుంది’ అనవద్దు. మన క్రియలకు ఆ శక్తి పుట్టుకతోనే ఉంది. కాలువ చూసుకునే లస్కరు తూము తలుపు ఎత్తితే నీటిని మళ్లించాడంటాం. ఎవరి చెయ్యీ లేకుండా జరిగితే నీరు మళ్లింది అంటాం. మళ్లించు–మళ్లు, చేర్చు–చేరు, అందించు–అందు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి కాలువ నీళ్ల మీద బతుకుతున్న మనకు ఈ తేడా ఒకరు చెప్పాలా? ‘పని మీ ఊరి మెకానిక్‌కు చేరుతుంది’ అంటే ఆటోమేషన్ అంతా ఆ ‘చేరు’లోనే ఉంది.

చివరిగా, ఏ పని ముందో తేల్చడానికి ఇలాంటి ఫారాల్లో అడిగే ‘ప్రాధాన్యత’. ప్రాధాన్యం చాలు, ‘త’ అదనం. ఇది పత్రికల్లో ఎంతగా పాతుకుపోయిందంటే, తప్పనడానికి నాకే ఇప్పుడు గొంతు పూర్తిగా రావడం లేదు. మీ ఫారంలో ఆ గొడవే లేకుండా చేయవచ్చు. ఏరియేటర్ ఆగితే తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోయి రొయ్యలు పైకి తేలతాయని నాకంటే మీకే బాగా తెలుసు. ఆ వేళ రైతును ‘అత్యధికం, మధ్యస్థం, అల్పం’ అని అడగకండి. ‘ఎప్పటికి రావాలి?’ అని అడిగి, కింద మూడు గడులు ఇవ్వండి: ఈ రాత్రికే, రేపు, ఈ వారంలో.