కుడివైపు కప్పు ఊడకపోవడం గురించి

సైకిల్‌కు సీల్డ్ బాటమ్ బ్రాకెట్ (పెడళ్లు తిరిగే ఇరుసు, బేరింగులు కలిసి మూసి ఉన్న భాగం) మారుద్దామంటే, దాన్ని ఫ్రేములో మరతో పట్టి ఉంచే కప్పుల్లో చైన్ వైపుది కదలడం లేదని, దాన్ని విప్పే ఇరవై పళ్ల టూల్ జారి కప్పు గాళ్లు అరుగుతున్నాయని రాశారు. మీ ఫ్రేములో బీఎస్‌ఏ (ఇంగ్లీషు ప్రమాణపు) మరలే ఉంటే ఆ వైపు మర మామూలుకు ఎదురు దిశలో ఉంటుంది కాబట్టి, గడియారం ముల్లు తిరిగే దిశలోనే అది వదులవుతుంది. మీరు ఇంతవరకు బిగిస్తూ ఉండవచ్చు. ఎడమ కప్పుది మామూలు మరే.

నడుమ రంధ్రమున్న టూల్ తెచ్చుకొని, క్రాంక్ బోల్టుకు (పెడల్ కాడను ఇరుసుకు బిగించే బోల్టు) పెద్ద వాషర్ వేసి, ఆ రంధ్రం గుండా ఇరుసులోకి చేతితో బిగిస్తే, పొడవాటి స్పానర్‌తో ఎంత బలంగా తిప్పినా టూల్ గాళ్లలోంచి బయటికి రాదు. కప్పు కాస్త కదలగానే బోల్టును వదులు చేయడం మరువకండి. తుప్పు పట్టి ఉంటే ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె పోయండి; సుత్తి మాత్రం వద్దు. కొత్తది వేసేటప్పుడు మరలకు గ్రీజు రాసి, మొదటి కొన్ని చుట్లు చేతితోనే తిప్పండి.